కొత్తవాడ తోలుపట్ట విజయము

ఆ ఉదయమున ఆకాశము, నురుగు పట్టించి కత్తిని మరచిపోయిన గడ్డము వలె ఉండెను. భాద్రపద మేఘములు తూర్పు దవడ నుండి పడమటి దవడ వరకు తెల్లగా, మందముగా, కదలక మెదలక పరచుకొని, సూర్యభగవానుడు ఎక్కడ కూర్చున్నాడో ఎవరికిని తెలియనీయకుండెను. కురియదు, వెలియదు. అట్టి పొద్దున ఆరవేసిన గుడ్డ ఆరదు, ఉతికినవారి మనసు కుదుటపడదు.

వినుడు. అది రుధిరోద్గారి నామ సంవత్సరము. నెత్తురు కక్కునదను ఆ పేరు చెవిని పడినంతనే కత్తి పట్టినవాని చేయి ఒకింత వణకక మానని సంవత్సరము. ఒకనాడు గజఘటాఘీంకారములతో, తురగఖురపుటధూళితో దిక్కులు దద్దరిల్లిన ఏకశిలానగరమను ఓరుగల్లున ఇప్పుడు గజములు లేవు. తురగములు టాంగాలకు కట్టబడి స్టేషను ముందర గడ్డి నమలుచున్నవి. అయినను ఆ నగరమున కొత్తవాడ అను పేట కలదు. అందు జంపఖానాల మగ్గములు పొద్దుపొడుపు మొదలు రణభేరుల వలె మ్రోగుచునే ఉండును. ఆ మగ్గముల నడుమ, ఒక రేకుల కప్పు క్రింద, ఒక అద్దము, ఒక కొయ్యకుర్చీ, ఒక కత్తి సర్వసైన్యముగా గల క్షౌరశాలను ఏలుచుండెను శ్మశ్రువనకుఠారుడు, గండస్థలమండలేశ్వరుడు, మీసముల పాలిటి ధర్మప్రభువు, సాంబయ్య.

ఆనాడు మంగళవారము. మంగళవారము ఎవడును గడ్డము గీయించుకొనడు గనుక దుకాణము మూసియుండెను. యుద్ధము మాత్రము మూయలేదు.

ఆ యుద్ధము ఎవరితోనని అడుగుదురేమో. తోలుతో. కత్తి ఎంతటిదైనను, గడ్డము మీదికి పోవుటకు ముందు తోలుపట్ట మీద అటు ఇటు నడచి రావలెను. సానరాయి కత్తికి పదును పెట్టును. ఆ పదునుకు బుద్ధి చెప్పునది తోలుపట్ట. బుద్ధి లేని పదును గడ్డమును గీయదు, పీకును.

పూర్వము సాంబయ్య వద్ద ఒక తోలుపట్ట ఉండెను. కేసముద్రము మార్కెట్టులో ధాన్యపు సేట్ల గడ్డములను ఒక తరమంతయు గీసిన మహాక్షురధారి, అతని మామ పోశయ్య, తన కూతురు పూలమ్మ పెండ్లినాడు దానిని అల్లుని చేతిలో పెట్టెను. ఏండ్ల తరబడి సబ్బునురుగును, అరచేతి జిడ్డును త్రాగి త్రాగి అది నల్లగా నిగనిగలాడుచుండెను. ఆ నిగనిగయే దానికి మృత్యువైనది. సాంబయ్య చాయ్ త్రాగుటకు బజారు దాటిన వేళ, చెవి తెగిన కుక్క యొకటి దుకాణము ముందర ఆగి, మేకుకు వ్రేలాడుచున్న ఆ వస్తువును వాసన చూచి, ఇది తినుటకే చేసినదని నిశ్చయించుకొని, కరచుకొని పోయినది. సాంబయ్య చేతిలోని గ్లాసుతోనే మగ్గముల సందుల వెంట తరిమెను. చాయ్ ఒలికినది, కుక్క చిక్కలేదు. పొద్దుగూకు వేళకు చిక్కినది జానెడు ముక్క. దాని మీద పండ్ల గాట్లు.

అంతట అతడు క్రొత్త తోలుపట్టను చేయించెను. అది దున్నపోతు తోలు. మహిషాసురుడు చచ్చెనని పురాణములు చెప్పుచున్నవి గాని, వాని వంశము అణగిపోలేదు. ఆ వంశమున కడపటివాడు చచ్చి, ఒలువబడి, తంగేడు చెక్క నీటిలో ఊనబడి, నిలువునా కోయబడి, కొసకొక ఇనుప కడియము తగిలింపబడియు పౌరుషము వదలక కొత్తవాడకు వచ్చి చేరెను. మేకుకు తగిలించిన, అందరి వలె క్రిందికి వ్రేలాడడు; బాకీ అడుగవచ్చినవాని వలె ముందుకు చేయి చాచి నిలుచును. మీద కత్తి పెట్టిన, గరగరమని పండ్లు కొరుకును.

ఆ తోలు మీద తొలిసారి నడచిన కత్తికి బలియైనవాడు పక్కింటి జంపఖానాల మొగిలి. సగము దవడ కాగానే అతడు చేయి ఎత్తి యుద్ధము నాపెను.

"సాంబన్నా, జర ఆగు. ఇది గీకుడా, పీకుడా? ముందుగాల గది చెప్పు. పీకుడైతె పండ్ల డాక్టరు కాడికే పోదును."

"ఓపిక పట్టరాదు. తోలు కొత్తది."

"తోలు కొత్తదే. నా దవడ పాతది గదనే."

క్రొత్త తోలుకు మందేమో సాంబయ్య ఎరుగును. అరచేయి. తోలును మోకాలి మీద పరచి, సబ్బునురుగు రాచి, అరచేతి అడుగుతో ఈ కొస నుండి ఆ కొసకు, చేయి కాలునంతగా రుద్దవలెను. ఖాళీ సీసా క్రింద పెట్టి దొర్లింపవలెను. మరల రుద్దవలెను. గిరాకీకీ గిరాకీకీ నడుమ, చాయ్‌కీ చాయ్‌కీ నడుమ, సాంబయ్య రుద్దుచునే ఉండెను. మహిషుడు ఒక మూల లొంగును. ఆ మూలను విడిచి రెండవ మూలకు పోవునంతలో మొదటి మూల మరల తిరుగబడును. అరచేయి బొబ్బలెక్కినది. బుధవారము దగ్గరకు వచ్చినది.

ఆ బుధవారము మామ వచ్చును. అదియే సాంబయ్య గుండెలోని గునపము.

పోశయ్యకు కన్ను మసకబారి, చేయి వణకుట మొదలైన నాటినుండి తన గడ్డము తాను గీసికొనలేడు. పరాయి కత్తిని దవడ మీదికి రానీయడు. కావున నెల తిరుగక మునుపే కేసముద్రములో పాసింజరెక్కి అల్లుని కుర్చీలో వచ్చి కూర్చుండును. కత్తి క్రింద ఉన్నంతసేపు కన్నులు మూసి, సమాధిస్థుడైన ఋషి వలె, కిక్కురుమనడు. తీర్పు భోజనము వేళ వచ్చును. మొదటి ముద్దతో మొదలై మజ్జిగతో ముగియును.

"అల్లుడా, నా ఎడమ దవడ మీద దున్నినవా, కలుపు తీసినవా?" అని ఒకమారు. "గదుమ కింద నాలుగు ఎంటిక పోసలు ఇడ్సిపెట్టినవ్. ఇత్తనాలకా?" అని ఒకమారు. "మంచిగనే గీకినవ్ బిడ్డా, ఇప్పుడు రైలెక్కితె టికెటు కలెక్టరు ఎవడు కొట్టిండని అడుగుతడు," అని ఇంకొకమారు. పెండ్లియైన నాటినుండి, మామ పక్కన కూర్చుండి తిన్న ఏ కూరలో ఉప్పు ఎక్కువో ఏ కూరలో తక్కువో సాంబయ్యకు తెలియదు. నాలుక పని నాలుక చేసినను, చెవుల పని మిక్కుటమై రుచి లోపలికి పోయెడిది కాదు.

కాబట్టి అతనికి రాజ్యము వలదు, కనకాభిషేకము వలదు. మామ నోట మాట రాకుండ, ఒక్కపూట అన్నము తినవలెను. ఆయన ఇచ్చిన పాత తోలు ఉన్నప్పుడే దొరకని ఆ పూట, ఈ క్రొత్త తోలుతో దొరకునా?

ఇట్టి విషమసమయమున, సోమవారము పొద్దు వాలినాక, భర్త అరచేతి బొబ్బలు చూచి, కరుణారసతరంగిణియైన పూలమ్మ మంచి యనుకొని ఒక పని చేసెను. మంగళవారము ఆ మేఘావృత ప్రభాతమున సాంబయ్య దొడ్డిలోకి వచ్చి చూచునప్పటికి, ఇత్తడి తాంబాళములో, ఏరండతైలమహార్ణవమధ్యమున, అనగా ఆముదములో, మహిషచర్మము పాము వలె చుట్టుకొని పండుకొనియుండెను.

అతడు దానిని రెండు వ్రేళ్లతో ఎత్తెను. అది వంగినది. మరి కొంచెము ఎత్తెను. జారి మరల తాంబాళములో పడినది.

"గిదేందే?"

"తోలు."

"తోలని నాకెర్కే. గిట్లెందుకున్నది?"

"ఆముదంల నానబెట్టిన. కొత్త చెప్పులు కరుస్తె గట్లనే పెడ్తం గద. మెత్తగైతదని. మా అవ్వ మా నాయిన తోలుకు గూడ ఒకపారి పెట్టింది."

"పెడ్తె మీ నాయిన ఏమన్నడు?"

"నేను చిన్నదాన్ని. యాదికి లేదు."

చెప్పునకు పదును అక్కరలేదు, మెత్తన చాలును. కత్తి నడచు తోలు మెత్తగా నుండవలెను గాని, జారరాదు. కొంచెము పట్టి, కొంచెము విడువవలెను. ఆముదము త్రాగిన తోలు మీద కత్తి, తడిసిన అరుగు మీద నడుచు ముసలివాని వలె, తన పని మరచి తన కాళ్లనే చూచుకొనును. ఇదంతయు సాంబయ్యకు ఒక్క క్షణమున స్ఫురించెను. అప్పుడతని హృదయకుహరమున ఇట్టి మహావాక్యము ఉప్పొంగెను: "ఓరీ మహిషకులపాంసనా, బ్రతికియున్న నాడు బురదలో పొరలితివి, చచ్చిన పిదప తైలమున పొరలుచున్నావు, నిన్ను నా బాహుదండచండిమచేత మర్దించి, నీ దర్పమును అణువణువునా పిండి, రేపటి మధ్యాహ్నమునకు ముందే నా క్షురికకు దాసునిగా చేయనినాడు నేను సాంబయ్యనే కాను."

నోట వచ్చినది మాత్రము, "ఇగ ఏం జేద్దాం," అనునదే.

పూలమ్మ కొంగు బొడ్డున దోపెను. "ఏం జేస్తం. తలకు ఆముదం పెడ్తె ఏం జేస్తమో గదే జేద్దాం. తలంటు పోద్దాం."

సాంబయ్య ఆమెను చూచెను, తోలును చూచెను. అతని వృత్తి తలలది. ఆ మాటలో అతనికి తప్పేమియు కనబడలేదు.

ఇక రణవర్ణనము. మొదట చణకచూర్ణవ్యూహము పన్నబడెను. పూలమ్మ డబ్బాలోని శనగపిండిని దోసిళ్లకొలది తెచ్చి తోలు మీద పోసెను. ఇరువురు చెరియొక కొసను పట్టి, పిండిని తోలులోనికి రుద్దిరి. ఆముదము పిండిలోనికి ఎక్కి, పిండి ముద్దయై, ముద్దలు నేలరాలెను. గీకివేసి మరల పోసిరి, మరల రుద్దిరి. పండుగకు దాచిన పిండి అంతయు ఆ సంగ్రామమున నేలకొరిగెను. అటుపిమ్మట పూలమ్మ గదాధారిణియై రోకలి ఎత్తి కుంకుడుకాయలను దంచెను. ఆ దెబ్బలకు దొడ్డిలోని కోళ్లు గోడ దాటి పోయెను. వేడినీళ్లలో పిసికిన కుంకుడు నురుగును సాంబయ్య బొబ్బల చేతులతో ఎత్తి, తోలు నుదుట పోసి, తన దుకాణములో ఎవని తలకును చేయనంత మెల్లగా, అరచేతితో పామనారంభించెను.

అప్పుడు గోడ మీద మొగిలి తల మొలిచెను.

"సాంబన్నా, ఎవల పిల్లనే? ఎప్పుడు పుట్టింది?"

సాంబయ్య ఇంకొక దోసెడు నురుగు పోసెను.

"కండ్లల్ల కుంకుడు పడనియ్యకు. ఏడుస్తది."

పూలమ్మ అనెను, "నవ్వుడు తర్వాత నవ్వు మొగిలీ. ఇది ఆరాలె, వంకర పోవద్దు. మొగులు జూస్తె గిట్లున్నది. ఏం జెయ్యాలె?"

మొగిలి ఆకాశమును చూచెను. నేతగాడు గనుక, తడిసినది ఏదైనను ఆరునప్పుడు ఏ మూలకు లాగునో అతనికి చేతివ్రేళ్లలో ఉండును. నవ్వు దించివేసి గోడ దిగి వచ్చెను. "ఎండ లేకుంటనే మంచిగైంది వదినా. ఎండల బెడ్తె అప్పడమైతది. ముందుగాల జంపఖానల సుట్టి నీళ్లు గుంజాలె. ఎన్క మగ్గానికి గడ్దాం. గట్టిగ లాగి కడ్తె, ఆరినా వంకర పోదు." ఒకింత ఆగి, "పాత జంపఖాన ఇస్త. కొత్తదానికి ఆముదం అంటితె సేటు నన్ను సుట్టి పిండుతడు," అనెను.

అట్లు మహిషచర్మము ఎర్ర చారల పాత జంపఖానాలో చుట్టబడి, దాని మీద ముగ్గురును వంతులవారీగా నిలుచుండగా తన నీరమును విడిచెను. పిదప మొగిలి ఇంటిలో, సగము నేసిన జంపఖానా పక్కన, మగ్గపు దూలమునకు ఒక కొస, క్రింది కొయ్యకు ఒక కొస, నులక త్రాళ్లతో బిగింపబడెను. అసురులను నాగపాశములతో కట్టిరని విందుము. మగ్గమునకు కట్టినది ఇదియే మొదలు. సాయంకాలము దాక సాంబయ్య ఆ మగ్గము ముందర కూర్చుండి, తోలు బిగిసినప్పుడెల్ల అరచేతితో పాముచు, త్రాళ్లు సడలించుచు, మరల బిగించుచు ఉండెను. మొగిలి నేయుచుండెను.

తెల్లవారి మేఘములు అట్లే ఉండగా త్రాళ్లు విప్పిరి. తోలు చక్కగా వ్రేలాడినది. ముట్టిన మెత్తగా ఉన్నది, జారుట లేదు. వాసన మాత్రము శుక్రవారము తలంట్లు పోయు వాకిలి వాసన.

సాంబయ్య కత్తి తీసెను. ఇంతకాలము అతడు, మామ మాటలు తలచుకొని, పాత తోలును కత్తితో బట్టలుతికినట్లు చటాచటా బాదెడివాడు. ఈనాడు, నిన్ననే స్నానమాడిన దీనిని కొట్టుటకు చేయి రాలేదు. పసిబిడ్డ తల నిమిరినట్లు కత్తి వీపును ముందుకు పెట్టి, మెల్లగా తీసెను, మెల్లగా త్రిప్పెను, మెల్లగా తెచ్చెను. గరగర లేదు. సుయ్యిమని ఒక్కటే ఊపిరి. మొగిలి చేయి చాపెను. ముంజేతి మీద కత్తి ఒక వ్రేలెడు మేర నడచెను.

"ఇంక మొదలువెట్టవా?" అనెను మొగిలి, మొగము పక్కకు త్రిప్పుకొని.

"అయిపోయింది."

మొగిలి చూచెను. నున్నని చోట వ్రేలు పెట్టెను. ఆ వ్రేలితోనే తన దవడను తడవుకొనుచు ఇంటికి పోయెను.

పొద్దెక్కినాక పాసింజరు దిగి, చేతికర్ర సాచి, మాసిన తెల్లగడ్డమును ధ్వజము వలె ముందుకు పెట్టుకొని పోశయ్య వచ్చెను. కూతురిచ్చిన నీళ్లు త్రాగి కుర్చీలో కూర్చుండెను. కూర్చుండగానే, అలవాటు చొప్పున, పక్కనున్న తోలుపట్ట మీద బొటనవ్రేలు నడిపెను. వ్రేలు ఆగినది. దానిని ముక్కు దగ్గరకు తెచ్చుకొనెను. సాంబయ్య చేతిలోని కుంచె గిన్నెలోనే నిలిచిపోయెను.

"నా తోలేది అల్లుడా?"

"కుక్క ఎత్కపోయింది మామా."

"ఏం జేసింది?"

"తిన్నది."

పోశయ్య ఆలోచించెను. "కుక్క బతికే ఉన్నదా?"

"ఉన్నది. చాయ్ హోటలు ముందట పంటది."

"గట్టి కడుపు," అనెను పోశయ్య. మరల వ్రేలు వాసన చూచెను. "దీనికి ఆముదం ఎవలు వెట్టిన్రు?"

గడప దగ్గర పూలమ్మ కొంగు సవరించుకొనెను. "నేనే నాయినా."

"తలంటెవలు పోసిన్రు?"

"ఇద్దరం పోసినం."

ముసలివాడు మసక కన్నులతో కూతురి వైపు చాలసేపు చూచెను. తెల్లమీసము ఒక కొస కొంచెము లేచి మరల దిగెను. "మీ అవ్వ ఆముదం వెట్టింది గని తలంటు పొయ్యలే. ఆ వానకాలమంత నా కత్తి జారుకుంటనే తిరిగింది. ఇగ కానియ్ అల్లుడా." అని తల వెనుకకు వాల్చి కన్నులు మూసెను.

ఫేనధవళమైన ఆ గండరణస్థలమున, ముండ్లకంచె వలె నిలిచిన శ్వేతశ్మశ్రుసైన్యము మీదికి క్షురిక బయలుదేరెను. ఎడమ దవడ పడినది. కుడి దవడ పడినది. దున్నలేదు, కలుపు తీయలేదు. మంచు కరిగిన చెలక వలె ఆ తావు చల్లగా బయటపడినది. ఇత్తనాలకని పేరుపడిన గదుమ క్రింది దుర్గమారణ్యమును సాంబయ్య ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క నడకలో దాటెను. నెత్తురుచుక్క లేదు. రుధిరోద్గారి సంవత్సరము సిగ్గుపడెను.

పోశయ్య ఏమియు అనలేదు. ఎన్నడును అనడు. తీర్పు ముందున్నది.

గడ్డము గీసినాక స్నానము చేయక ముద్ద ముట్టరాదు గనుక, నిన్నటి కుంకుడులో మిగిలినది ఆయనకు పోసిరి. మామయు తోలుపట్టయు ఒక్కటే వాసనతో ఆ మధ్యాహ్నమున వెలసిరి. పీటలు పడెను. అన్నము, కోడికూర, పచ్చిపులుసు వచ్చెను. వడ్డించి వెనుకకు పోబోయిన పూలమ్మను పోశయ్య గదుమతో పక్కపీట చూపెను. ఆమె కూర్చుండెను. సాంబయ్య మొదటి ముద్ద కలిపి, పిడుగు కొరకు ఎదురు చూచువాని వలె, చేతిలోనే పట్టుకొని ఆగెను.

పోశయ్య నోరు తెరచెను. ముద్ద పెట్టుకొనెను. మూసెను.

నమలెను. ఎడమచేతి వెనుకభాగముతో దవడను పై నుండి క్రిందికి నిమిరెను. ఆగి, క్రింది నుండి పైకి, రోమములకు ఎదురుగా నిమిరెను. మరల అన్నములో చేయి పెట్టెను.

అట్లు ఏకశిలానగరమున, కొత్తవాడ పేటలో, పండుగ పిండిని ఒడ్డి, మగ్గమును బిగించి, అరచేతులను బొబ్బలెక్కించి, మహిషవంశాంకురమును తలంటి జయించిన సాంబయ్య కీర్తి, పీట నుండి గడప దాక వ్యాపించెను. గడప వద్ద చెవి తెగిన కుక్క వచ్చి కూర్చుండియుండెను. పోశయ్య దానిని ఎగాదిగా చూచి, ఒక ఎముకను దాని ముందరికి విసరెను. అది మొరగక తీసికొనెను.

మజ్జిగ వచ్చినది. మాట రాలేదు.

కోడికూరలో ఉప్పు తక్కువైనదని సాంబయ్యకు ఆనాడు తెలిసెను. అతడు ఏమియు అనక, మామతో, పూలమ్మతో, గడప వద్ద కుక్కతో పాటు తినుచుండెను.